డోర్ నంబర్ 6–112/జీపు

గుండ్లసముద్రం హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన రాజరత్నం టీచరు, రిటైరైన మూడో నెలలో ఒక జీపు కొన్నది. నీటిపారుదల శాఖవాళ్లు పాత బళ్లను వేలం వేశారు. తక్కినవాళ్లంతా తుక్కు కోసం పాట పాడితే, బండి కోసం పాడింది ఆమె ఒక్కతే.

కారణం చిన్నది. ఆమె ఏటా చెప్పే పాఠాల్లో శీతల ఎడారి ఒకటి. ఏటా ఎవరో ఒక పిల్లవాడు లేచి, "ఎడారి చల్లగా ఎట్టుంటది టీచర్? మీరు చూశారా?" అని అడిగేవాడు. "పుస్తకంలో ఉంది, కూర్చో" అనేది. అలా ముప్ఫై ఒక్కమందిని కూర్చోబెట్టాక, తను లేచి వెళ్లి చూసి రాకపోతే బాగుండదని ఆమెకు తోచింది. ఆ ఎడారి ఉన్న, ఉత్తరాది మంచుకొండల నడుమ స్పితి లోయ దాకా బండి మీద వెళ్లాలి. అక్టోబరు సగం దాటితే అక్కడి కనుమలు మంచుతో మూసుకుపోతాయి. అప్పటికి జులై రెండో వారం.

తోడు వస్తానన్నది డ్రిల్లు టీచరుగా చేసిన మణెమ్మ. రావడానికి ఆమె ఒక్కటే షరతు పెట్టింది.

"లాడ్జీల్లో పడుకోను. నల్లులుంటాయి. కూర్చుని నిద్రపోమంటే నా నడుం ఒప్పుకోదు. బండిలో నడుం వాల్చుకునే ఏర్పాటు చెయ్యి, ఎక్కడికంటే అక్కడికొస్తా."

రాజరత్నం టీచరు గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి బొమ్మ గీసింది. మార్పులు మూడే. పైన సామానుకు క్యారియరు. వెనక తలుపు పక్కన కొళాయి బిగించిన ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా. లోపల చెరోవైపు మడిచే చెక్కబల్లలు. రెండూ దించి కలిపితే మంచం. ఆ కాగితం తీసుకుని మెకానిక్ మస్తాన్‌వలి షెడ్డుకు వెళ్లింది.

మస్తాన్ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. "పది రోజుల పని టీచరమ్మా. ఆదివారం మొదలెడతా."

"ముందు రవాణా ఆఫీసులో అనుమతి తీసుకోవాలి కదా. బండికి మార్పు చేస్తే అడగాలని రూల్లో ఉంది."

మస్తాన్ చేతిలో పానా కింద పెట్టేశాడు. "అడగమాకండి. నా మాట వినండి. ఇరవయ్యేళ్లుగా బళ్లకి మంచాలు బిగిస్తన్నా, కోళ్ల గూళ్లు బిగిస్తన్నా. ఒక బండికి వినాయకుడి మండపమే కట్టా. అడగనంతకాలం ఏ రూలూ లేదు. అడిగితేనే పుడద్ది."

"బయటికి పోవాలంటే అడిగి పొమ్మని ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో నీకు తెలుసా మస్తానూ?"

"తెలవకేం. నేనూ ఎక్కా."

ఆమె అడగడానికే వెళ్లింది.

రవాణా కార్యాలయంలో మార్పుల విభాగం పర్యవేక్షకులు పుండరీకాక్షయ్యగారు. ఆయన మామూలుగా మనిషిలాగే మాట్లాడతారు. ఎదురుగా దరఖాస్తు ఉంటే మాత్రం ఉత్తర్వులాగా మాట్లాడతారు.

"క్యారియరు అనగా సామాను వాహక చట్రము. అభ్యంతరము లేదు. నీళ్ల డబ్బా, అభ్యంతరము లేదు." ఆయన వేలు మూడో అంశం దగ్గర ఆగింది. "మంచము అని వ్రాసియున్నారు."

"అవునండీ. మడిచేది."

"మడుచునదైనను మంచము మంచమే. అమ్మా, వాహనమునందు కూర్చుండుట కలదు. నిలబడుట కలదు. శయనించుట ఎచ్చట కలదు?"

"స్లీపరు బస్సుల్లో ఉంది కదండీ."

పుండరీకాక్షయ్యగారు కళ్లద్దాలు తీశారు. ఇలాంటి ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ కాచుకున్నట్టు ఆయన ముఖం వెలిగింది. "బస్సు కదులుచుండగా ప్రయాణికుడు నిద్రించును. తాము బండి నడుపుచు నిద్రింతురా, ఆపి నిద్రింతురా?"

"అయ్యో, ఆపే నిద్రపోతాం."

"నడుపుచు నిద్రించిన అది నేరము. ఆపి నిద్రించిన అది గృహము. ఆగినచోట మనుష్యులు నిద్రించు కట్టడమును గృహమనక మరేమందుము? గృహమునకు అనుమతి నిచ్చుటకు మేమెవరము? పురపాలక సంఘమునుండి నిరభ్యంతర పత్రము తీసుకొని రండి."

రాజరత్నం టీచరుకు ఇందులో తప్పెక్కడుందో వెంటనే తట్టలేదు. పైగా అంత చక్కగా సంధులు కలిపి మాట్లాడేవాళ్లంటే ఆమెకు గౌరవం. నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

పురపాలక కార్యాలయంలో పట్టణ ప్రణాళికాధికారి గంగిరెడ్డి ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఆమె దగ్గర ఎనిమిది, తొమ్మిది, పది చదివినవాడు.

"టీచర్, మీరు కూర్చోండి. ఏమన్నా తాగుతారా?" అన్నాడు. దరఖాస్తు చదివాక ఏమీ తెప్పించలేదు. "ఇల్లు కడతన్నారన్న మాట."

"ఇల్లు కాదు నాయనా. జీపు."

"రవాణా శాఖ గృహమని రాసింది టీచర్. ఒక శాఖ రాసింది ఇంకో శాఖ కొట్టెయ్యకూడదు. రూల్ అంటే రూల్ అని మీరే గదా చెప్పారు."

మర్నాడు గంగిరెడ్డి టేపు పట్టుకుని మస్తాన్ షెడ్డుకు వచ్చాడు. జీపు పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, లోపల చొరబడి ఎత్తు కొలిచాడు. ప్లాను తను గీసి ఆమెకే చూపించాడు. "మీరు నేర్పిన స్కేలే టీచర్." పైన క్యారియరు మొదటి అంతస్తు. నీళ్ల డబ్బా నేలమీద లేదు కాబట్టి ఓవర్‌హెడ్ ట్యాంకు. వెనక తలుపు దగ్గర కాలు పెట్టి ఎక్కే ఇనుపమెట్టు, మెట్లదారి.

"ముఖద్వారం ఏ దిక్కు టీచర్?"

"బండి ఎటు తిరిగితే అటు."

గంగిరెడ్డి కాసేపు ఆలోచించి, 'అష్టదిక్కులు' అని రాసుకున్నాడు.

"చుట్టూ మూడడుగుల ఖాళీ వదలాలి. ఇంకోటి, ఇంకుడు గుంత ఉండాలి. ఇంటి మీద పడిన వాన ఆ ఇంటి ఆవరణలోనే ఇంకాలి."

"ఆవరణ నాది గదండీ," అన్నాడు మస్తాన్.

"ఇల్లు నీ ఆవరణలో ఉంది గాబట్టి గుంత కూడా నీ ఆవరణలోనే."

సోమవారం మనుషులు వచ్చి జీపు ముందు నాలుగడుగుల గుంత తవ్వి, కంకర పోసి, ఫొటో తీసుకుని వెళ్లారు. బుధవారం మస్తాన్ బండి బయటికి తియ్యబోతే ముందు చక్రాలు రెండూ అందులో దిగబడ్డాయి. ట్రాక్టరు పెట్టి లాగించాల్సి వచ్చింది. లాగినంతసేపూ మస్తాన్ తాడు వైపే చూశాడు. టీచరు ఎదురుగా ఉన్నప్పుడు ఊరుకోవడం చిన్నప్పుడే అలవాటైనవాడు.

ఆగస్టు నెలాఖరుకు అనుమతి వచ్చింది. బానెట్ మీద నీలం రేకు బిగించారు: 6–112/జీపు. మస్తాన్ పది రోజులన్న పని ఎనిమిది రోజుల్లో చేసేశాడు. బల్లలు దించి కలిపితే మణెమ్మ దాని మీద అటూ ఇటూ దొర్లి చూసి, "నడుం ఒప్పుకుంది" అని ప్రకటించింది.

ఇంతటితో అయిపోవలసింది. కానీ పుండరీకాక్షయ్యగారి నిర్వచనం అప్పటికే సర్క్యులరై ఊళ్లోకి వచ్చేసింది. ఆగినచోట మనిషి నిద్రించు కట్టడము గృహము. పురపాలక సిబ్బంది హైవే పక్కన ధాబాల ముందు నిలబడి, లారీ కేబిన్లలో గురకపెడుతున్న డ్రైవర్లను లేపి ఇంటి నంబర్లు ఇచ్చారు. రైల్వేగేటు దగ్గర ఆగిన ఆటోలో కునుకు తీసిన సుబ్బరాయుడికి 9–41/ఆటో వచ్చింది. పదిరోజుల్లో గుండ్లసముద్రంలో ఇళ్లు నాలుగువందలు పెరిగాయి. అందులో మూడువందల తొంభై తెల్లారేసరికి ఊళ్లో లేవు. అయినా 'అందరికీ గూడు' పథకం కింద మునిసిపాలిటీకి జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. గంగిరెడ్డి శాలువా కప్పించుకున్న ఫొటో ఆఫీసు గోడకు ఎక్కింది.

సెప్టెంబరు ఏడున, దూరప్రయాణానికి ముందు బండి ఎలా ఉందో చూద్దామని ఇద్దరు టీచర్లూ కొండదారిలో నలభై కిలోమీటర్లు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చారు. షెడ్డు ముందు ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, గంగిరెడ్డి నిలబడి ఉన్నారు. మస్తాన్ పీట మీద తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు.

తనిఖీకి వచ్చిన మునిసిపల్ సిబ్బందికి ఇల్లు కనబడలేదు. ఇల్లు పోయిందని కేసు పెట్టారు.

"చివరిసారిగా ఇంటిని ఎప్పుడు చూశారమ్మా?" అన్నాడు ఎస్సై, పుస్తకం తెరిచి.

"ఇప్పుడే దాంట్లోంచి దిగాను. ఇదుగో."

ఎస్సై జీపును చూశాడు, రేకును చూశాడు. "దొరికింది, రాసుకో" అని కానిస్టేబుల్‌తో చెప్పి మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "ఎవరు తీసుకెళ్లారు?"

"నేనే."

"సొంత ఇంటిని మీరే ఎత్తుకెళ్లారా?"

"తోలుకెళ్లాం," అంది మణెమ్మ. "పొద్దున తోలుకెళ్లాం, ఇప్పుడు తోలుకొచ్చాం. ఇంట్లోవాళ్లం ఇంట్లోనే ఉన్నాం. పోయిందెవరికి?"

ఎస్సైకి ఇది న్యాయంగానే తోచింది. కానీ గంగిరెడ్డి ముఖం పాలిపోయింది. "టీచర్, మీరు అర్థం చేసుకోవాలి. మిగతా ఇళ్లు పోయినా అడిగేవాళ్లు లేరు. మీది మోడల్ హౌస్. వచ్చేనెల రాష్ట్రం నుంచి బృందం చూడటానికి వస్తంది."

రెండు రోజుల్లో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది పురపాలక సంఘానిది: 'సదరు గృహము అనుమతి లేక సంచరించినందున, ఇకమీదట అట్లు సంచరింపకుండుటకై దాని చక్రములను భూమియందు ఆరంగుళముల లోతున పాతి సిమెంటు చేయవలెను.' రెండోది పుండరీకాక్షయ్యగారిది: 'చక్రములు పాతిపెట్టబడబోవు వస్తువు వాహనము కానేరదు గనుక రిజిస్ట్రేషను రద్దు చేయడమైనది. నంబరు పలకలను కార్యాలయమునకు స్వాధీనపరచవలెను.' ఆమె పలకలు స్వాధీనపరిచి రసీదు తీసుకుంది.

చక్రాలు పాతడానికి పదిహేను రోజుల గడువిచ్చారు. ఆ పదిహేను రోజులూ ఆఫీసుల్లో రాజరత్నం టీచరు తిరగని గది లేదు. గడువుకు ముందురోజు మధ్యాహ్నం షెడ్డులో, జీపు లోపల, చెక్కబల్ల మీద కూర్చుంది. బయట సిమెంటు బస్తాలు దింపుతున్నారు. కనుమలు మూసుకోవడానికి మూడు వారాలుంది. వచ్చే ఏటికి తన మోకాళ్లు ఎలా ఉంటాయో, మణెమ్మ నడుం ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? పెట్టిన ప్రతి దరఖాస్తూ తన చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో రాసింది. ఒక్క అక్షరం కొట్టివేత లేదు. ఎవరి మీదా కోపం రాలేదు, అదే ఆమెకు మరీ బాధగా ఉంది.

మణెమ్మ పక్కన కూలబడింది. "పదవే రత్నం. ఈ సందు దాటితే హైవే. ఎవరడ్డొస్తారో చూద్దాం."

"చెప్పకుండా పోవడం నాకు చాతకాదే."

"నీకు చాతకాకపోతే నా బతుకేంది? రేపట్నుంచి ఇంటద్దె దండగని ఈ చక్రాల కొంపలోనే కాపరం పెట్టమంటావా? నేను సామాను సర్దుకుని ఇల్లు మారడానికి..."

రాజరత్నం టీచరు తలెత్తింది. "ఏమన్నావు?"

"ఏమన్నా? కోపంలో ఏదో అన్నా."

"ఇల్లు మారడం అన్నావు." ఆమె అప్పటికే కళ్లజోడు వెతుక్కుంటున్నది. "లోకంలో ఎవరైనా ఇల్లు మారుతున్నాం అంటారు. ఇల్లు మారొద్దని ఎవరినైనా ఏ మునిసిపాలిటీ అయినా అన్నదా?"

పురపాలక కార్యాలయం వరండాలో పౌరసేవల బోర్డు ఉంది. పదకొండో సేవ: ఇల్లు మారుట ధ్రువపత్రం. గడువు, ఒక్క రోజు. ఆమె ఫారం కొని, అక్కడే బల్ల మీద పెట్టి నింపి, గంగిరెడ్డి ముందుంచింది.

గంగిరెడ్డి పైకి చదివాడు. "'అయ్యా, నేను ఇల్లు మారుచున్నాను.' అయ్యో, ఊరొదిలి పోతన్నారా టీచర్? 'కొత్త చిరునామా: స్పితి లోయ.' సరే. 'వెంట తీసుకొనిపోవు సామాను: ఒకటి, స్టవ్వు. రెండు, దుప్పట్లు నాలుగు. మూడు, అట్లాసు. నాలుగు...'" అక్కడ ఆగిపోయాడు. "నాలుగు, ఇల్లు."

"ఫారంలో ఏం తీసుకెళ్లకూడదో రాసి లేదు నాయనా. వెనక్కి తిప్పి కూడా చూశాను."

"కుదరదు టీచర్. ఇల్లు ఎట్టా కదులుద్ది?"

"కదలదని రాసి కాదను. తిరస్కరిస్తే కారణం రాయాలని కింద ఉంది."

గంగిరెడ్డి కలం తీశాడు. ఇల్లు కదలదని రాస్తే, ఇల్లు పోయిందని తను పెట్టిన పోలీసు కేసూ, సంచరించిందని ఇచ్చిన నోటీసూ అబద్ధమవుతాయి. అసలది ఇల్లే కాదని రాస్తే, నాలుగువందల ఇళ్లూ, మొదటి బహుమతీ, గోడమీది ఫొటోలో శాలువా ఎగిరిపోతాయి. కలం మూసి, మళ్లీ తెరిచి, రవాణా ఆఫీసుకు ఫోను చేశాడు.

పుండరీకాక్షయ్యగారి గొంతు రాజరత్నం టీచరుకు కూడా వినబడింది. "రిజిస్ట్రేషను లేని వస్తువును గూర్చి మమ్ములను ప్రశ్నించుట అనుచితము. రహదారిపై బల్లలు పోవును, బీరువాలు పోవును. గృహము పోయిన మాకేమి?"

గంగిరెడ్డి ఫోను పెట్టేశాడు. ఫారాన్ని తనూ వెనక్కి తిప్పి చూశాడు. చివరికి అతని మీసం కింద ఏదో కదిలింది. నవ్వే అయి ఉండాలి. "టీచర్, ఎనిమిదిలో నన్ను ఒక్కసారి కూడా ఫస్టు రానియ్యలేదు మీరు" అంటూ స్టాంపు గుద్దాడు. "బృందం వస్తే, మోడల్ హౌస్ మోడల్‌గా వేరే ఊరికి పంపించామని చెప్పుకుంటాలే. జాగ్రత్తగా పోయిరండి. ఆ కొండల్లో ఊపిరాడదంట."

మర్నాడు తెల్లవారేసరికి జీపు హైవే ఎక్కింది. మస్తాన్ డీజిలు నింపి, అద్దం తుడిచి, ఇంకో పది కిలోమీటర్లు స్కూటరు మీద వెనకే వచ్చి, చెయ్యి ఊపి ఆగిపోయాడు.

దారిపొడవునా పోలీసులు తొమ్మిదిచోట్ల ఆపారు. నంబరు పలక లేదేమంటే ఆమె ధ్రువపత్రం చూపించేది. ఇంత పెద్ద గుండ్రటి స్టాంపున్న కాగితాన్ని తెలియదనడం ఎవరికీ మర్యాదగా తోచలేదు. తెలుగు రాని చోట్ల మరీ తొందరగా వదిలేశారు. ఇద్దరూ వంతులు వేసుకుని నడిపారు. మధ్యాహ్నాలు చెట్టునీడన ఆపి బల్లలు కలిపి నడుం వాల్చారు. ఒకచోట స్టవ్వు వెలగక అటుకులు నానబెట్టుకుని తిన్నారు. ఇంకోచోట వాగు దాటుతూ మణెమ్మ పెట్టిన కేకకు అవతలి గట్టు మీది గొర్రెలు చెదిరిపోయాయి. ఎక్కినకొద్దీ చెట్లు పలచబడ్డాయి. పలచబడి, పలచబడి, ఒక మలుపు తర్వాత ఇక చెట్లే లేవు.

అక్టోబరు తొమ్మిది మధ్యాహ్నం, ఆకాశం తప్ప మరేమీ ఎత్తుగా లేనిచోట, రోడ్డుకు అడ్డంగా ఒక వెదురుబొంగు, దాని పక్కన రేకుల గది కనిపించాయి. గదిలోంచి దళసరి కోటు తొడుక్కున్న పోలీసు కుర్రాడు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. కోటు మీద నేగీ అని ఉంది. చలికి పెదాలు పగిలి ఉన్నాయి. బండి చుట్టూ తిరిగి, నీలం రేకు దగ్గర ఆగి, ఇదేం నంబరని హిందీలో అడిగాడు.

రాజరత్నం టీచరు ధ్రువపత్రం కోసం సంచీలో చెయ్యి పెట్టింది. హిందీ పరీక్షలు పాసైన మణెమ్మ ముందే చెప్పేసింది. "ఇంటి నంబరు బాబూ. ఇది మా ఇల్లు."

కుర్రాడు కాగితం అడగలేదు. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. వెనక తలుపులోంచి లోపలికి చూశాడు. పరిచిన దుప్పటి, కొక్కేనికి వేలాడే టీ వడగట్టు, మూత పెట్టిన గిన్నె. తర్వాత నేలచూపులు చూస్తూ ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?" అంది రాజరత్నం టీచరు.

"ఈ గేటు దగ్గరికొచ్చి నాలుగు నెలలైందంట. ఇల్లన్నదాంట్లో అడుగుపెట్టి కూడా అంతే అయిందంట." మణెమ్మ మెట్టు దగ్గర్నుంచి పక్కకు జరిగింది. "ఒక్కసారి లోపలికి రావచ్చా అని అడుగుతున్నాడు."

రాజరత్నం టీచరు గబగబా దుప్పటి మడిచి చోటు చేసింది. స్టవ్వు మీద నీళ్లు పెట్టింది. "రా నాయనా, రా" అంది తెలుగులోనే.

నేగీ వెంటనే ఎక్కలేదు. రిజిస్టరును జాగ్రత్తగా బానెట్ మీద పెట్టి వచ్చాడు. గడ్డకట్టే ఆ గాలిలో ఇనుపమెట్టు పక్కన వంగి, కొంకర్లు పోయిన వేళ్లతో తన బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.